ఎడమ పక్క ఆది

ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే మగవాడికి ఆడవాళ్ళ గురించి అంతా తెలుసని లోకం అనుకుంటుంది. నాకేమీ తెలియదు. ఇరవై ఆరేళ్ళుగా పటమట బజారులో ఒక పెంకుటి వసారా కింద కాలి మిషను తొక్కుతున్నాను కానీ, ఆ సంగతి జరిగేనాటికి ఒక్క ఆడమనిషి ఒంటి మీద టేపు పెట్టి ఎరగను. మా వైపు అది పద్ధతి కాదు. కొలత కావాలంటే పాత జాకెట్టు ఒకటి పంపుతారు. దాన్ని ఆది అంటాం. ఆ ఆదిని గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి కత్తిరించడమే. మనిషితో పని లేదు. మనిషి చిక్కినా ఒళ్ళు చేసినా, ఆది కంటే ఒక వేలు లోపలికనో, రెండు వేళ్ళు వదులనో చెప్పి పంపుతారు. నా పెళ్ళాం అమలమ్మకీ అంతే. అప్పటికి పదిహేడేళ్ళ కాపురంలో ఆమె జాకెట్లన్నీ నేనే కుట్టాను. అన్నీ ఆది పెట్టే.

నేను చెప్పబోయేది డెబ్బై నాలుగు క్రిస్మస్ సీజను సంగతి. నవంబరు రెండున సమాధుల పండగ అయిన మర్నాటి నుంచి మా పేటలో గుడ్డల మూటలు రావడం మొదలవుతుంది. నా ఏడాది తిండి ఆ యాభై రోజుల్లోనే ఉంది. ఆ ఏడు అందులోనూ సగం ఎదురుకొట్టు తిరుపతిరావు పట్టుకుపోయాడు. వాడు మిషనుకి మోటారు బిగించాడు, అద్దాల బీరువా పెట్టాడు, ఇంగ్లీషులో బోర్డు రాయించాడు. ఆ బోర్డు మీద ఏముందో కూడబలుక్కుని చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది. అయిదో తరగతిలో బడి మానేశాను. మానేశాననడం మర్యాదకి. ఒక్కడికే ఫీజు కట్టగలనని మా నాన్న అన్నయ్యని ఉంచి నన్ను తీసేశాడు. ఆ అన్నయ్య ఇప్పుడు ఎదురుపడితే గడియారం చూసుకుంటాడు. ఆ గోల ఇక్కడెందుకు.

నవంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం అమల హుక్కులు కుట్టడం ఆపి, తన జాకెట్టు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె నాకు మేనత్త కూతురు. పెళ్ళికి ముందూ తరవాతా నన్ను బావా అనే పిలుస్తుంది.

"ఎడమ పక్క లాగుతోంది బావా. ఒక వేలు వదలవా."

"రెండు పక్కలా?"

"ఎడమ పక్కే."

"ఒక పక్కే లాగడమేంటే? నా కత్తెరకి రెండు పక్కలూ ఒకటే."

"నీ కత్తెరని నేనేమన్నా అన్నానా? లాగుతోందన్నా."

"ఎదురుకొట్లో కుట్టిస్తే లాగదేమో. మోటారు మిషను మరి. పోయి కుట్టించుకో."

"పోతా. ఆయన టీ కూడా ఇప్పిస్తాడంట," అని నవ్వింది.

నేను నవ్వలేదు. కుట్టు విప్పి, లోపల వదిలిన గుడ్డలోంచి ఒక వేలు వదిలి మళ్ళీ కుట్టాను. ఎందుకు లాగుతోందని అడగలేదు. నా పనికి వంక పెట్టిందన్నదే నాకు వినపడింది.

మూడు వారాల తరవాత అదే జాకెట్టు మళ్ళీ వచ్చింది. అదే ఎడమ పక్క. ఈసారి లోపలి వైపు అరచేయంత నూనె మరక ఉంది.

"తలకి రాసుకునే నూనె ఒళ్ళంతా పూసుకుంటున్నావా? మిషను మీద పెడితే పండగ గుడ్డలకి అంటుకోదూ? ఎవత్తి అయినా చూస్తే నా మొహాన కొడుతుంది."

మాటకి మాట అప్పజెప్పకుండా ఊరుకునే మనిషి కాదు అమల. ఆ రోజు ఊరుకుంది. జాకెట్టు అక్కడ పెట్టి లోపలికి పోయింది. నేను దాన్ని బల్ల చివరికి నెట్టి నా పనిలో పడ్డాను. రెండు రోజులు అక్కడే పడి ఉంది.

మూడో రోజు పొద్దున దాని ఎడమ పక్క విప్పుతుంటే సువార్తమ్మగారు వచ్చారు. మిషనరీల ఆసుపత్రిలో ముప్పై అయిదేళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆమెది లూథరన్ సంఘం, మేం కతోలికులం. కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని కుట్టు కుట్టూ లెక్కపెట్టినట్టు చూస్తారు. 

"ఏవయ్యా మరియదాసూ, నా జాకెట్లు ఈ క్రిస్మస్‌కా, వచ్చే క్రిస్మస్‌కా?"

"మీకూ మాకూ పండగ ఒకటేగదండీ. ఇరవై నాలుక్కి ఇచ్చేస్తా."

"ఇరవై నాలుక్కా! చేతులు బిగుతైతే మళ్ళీ విప్పడానికి టైమెక్కడిది?" అంటూ ఆమె బల్ల మీదికి వంగారు. నా చేతిలోది లాక్కున్నారు. "ఇదేం కుట్టయ్యా? ఒక పక్క బారెడు, ఒక పక్క బెత్తెడు. కళ్ళు కనపడ్డం లేదా నీకు?"

"కళ్ళు బానే ఉన్నాయండీ. ఆ మనిషి ఒళ్ళే అలా ఉంది. నెల్లో రెండుసార్లు ఎడమ పక్కే వదలమంది. నన్నేం చేయమంటారు?"

ఆమె చెయ్యి ఆగింది. జాకెట్టుని లోపలి వైపు తిప్పారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఆముదం." మరక మధ్యలో వేలు పెట్టారు. "ఇదేంటి?"

వడ్లగింజంత గోధుమరంగు చుక్క. నేను చూడనే లేదు దాన్ని.

"హుక్కు తుప్పు అయ్యుంటదండీ."

"హుక్కులు ముందర ఉంటాయి కదయ్యా. ఇది బెత్తెడు దూరంలో ఉంది."

 ఆమె స్టూలు లాక్కుని కూర్చున్నారు. గొంతు తగ్గింది.

"ఎవరిదిది?"

అబద్ధం చెబుదామనిపించింది. "మా ఇంట్లోదేనండీ."

"అమలదా? వయసెంత ఆ పిల్లకి?"

"ముప్పై ఆరు."

"పిల్లలకి పాలిచ్చిందా?"

"మాకు పిల్లల్లేరు కదండీ."

"రొమ్ములో గడ్డ ఏవన్నా ఉందని చెప్పిందా?"

ఆ మాట వినగానే నేను రోడ్డు వైపు చూశాను, ఎవరైనా విన్నారేమోనని.

"ఇటు చూడు. రోజుకి పది జాకెట్లు కుడతావు, అందులో ఉండేదాని పేరు చెబితే నీకు సిగ్గేంటి?"

"చెప్పలేదండీ."

"నువ్వు చూళ్ళేదా?"

నేను కత్తెర తీసి డ్రాయరులో పెట్టాను.  "పద ఇంటికి," అన్నారు.

మా ఇల్లు కొట్టు వెనక సందులోనే. సువార్తమ్మగారు నన్ను బయట నిలబెట్టి తలుపు దగ్గరికేసుకున్నారు. ముందు అమల నవ్వు వినపడింది. "అబ్బే, ఏం లేదమ్మగారూ, మీరు మరీను." తరవాత నవ్వు ఆగిపోయింది. చాలాసేపు సందులో కోళ్ళని చూస్తూ నిలబడ్డాను.

లోపలికి పిలిచేసరికి అమల మంచం మీద గోడకి తిరిగి కూర్చుని ఉంది. కింద గిన్నెలో ఆముదంలో తడిసిన గుడ్డ మడత. అన్నాళ్ళూ అది జాకెట్టు లోపల కట్టుకుని తిరిగింది. అందుకే బిగుతు.

"రేగుకాయంత గడ్డ ఉంది మరియదాసూ," అన్నారు సువార్తమ్మగారు. "గట్టిగా ఉంది, కదలడం లేదు. పైన చర్మం బత్తాయి తొక్కలాగా గుంటలు పడింది. చనుమొన లోపలికి లాక్కుపోయింది. నొక్కకుండానే ఎర్రనీరు వస్తోందంట. చంకలో కూడా చూశా. అక్కడ నా చేతికేం తగల్లేదు."

"అంటే అదేనాండీ?"

"నేను చెప్పకూడదు. నాకు తెలీదు కూడా. ఆడాళ్ళకొచ్చే గడ్డల్లో చాలావరకు ఏమీ కానివే. కానీ ఇన్ని గుర్తులు ఒకచోట ఉన్నప్పుడు గుంటూరులో పెద్ద డాక్టరు ముక్క తీసి చూడాల్సిందే. ఈ వారంలోనే."

"నొప్పి లేదు కదమ్మగారూ," అంది అమల గోడకే. "నొప్పి లేనిదానికి ఆసుపత్రి ఎందుకు?"

"నొప్పి లేకపోబట్టే అందరూ మోసపోతున్నారు తల్లీ. ఎప్పుడు తగిలింది చేతికి?"

"ఆగస్టులో. మరియమ్మ పండగనాడు నీళ్ళు పోసుకుంటుంటే."

"నాలుగు నెల్లా!"

"గుణదల మాతకి మొక్కుకున్నా. తిరునాళ్ళకి మోకాళ్ళ మీద కొండెక్కుతానని. మొక్కు తీరేదాకా నోరు విప్పకూడదు, చెబితే ఫలం ఉండదంటారు. ఫిబ్రవరి ఎంతలో వస్తుంది?"

"మీ మాత డాక్టరు దగ్గరికి పోవద్దని చెప్పిందా?"

"ఆ తల్లిని మీరేం అనద్దు."

"అననే. నా బైబిల్లోనూ ఉంది ఆవిడ."

"పోనీ పండగ వెళ్ళనీయండి. ఇన్ని జాకెట్లకి హుక్కులెవరు కుడతారు? అయినా ఇలాంటి గడ్డకే ఆసుపత్రికి పోయి మా సందులో సంపూర్ణమ్మ ఏం బావుకుంది? మంచం మీద పోయింది, మంచం మీదే వచ్చింది."

"సంపూర్ణమ్మకి డ్రెస్సింగు చేసింది నేనే," అన్నారు సువార్తమ్మగారు. "పుండు పడి, ఇంట్లోవాళ్ళు వాసన భరించలేక తెచ్చారు ఆవిణ్ణి. ఆసుపత్రికి పోయి చావలేదు. పోవాల్సినప్పుడు పోక చచ్చిపోయింది."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద పడాలో తెలియక అమల మీద పడ్డాను.

"నర్సమ్మగారు పరాయి మనిషి, ఆవిడ కనిపెట్టాలా? నాకెందుకు చెప్పలేదే?"

అమల అప్పుడు ఇటు తిరిగింది.

"చెప్పాగా బావా. రెండుసార్లు చెప్పా."

సువార్తమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను బయటికి వచ్చేశాను.

కొట్లోకి వెళ్ళి, కత్తిరించనివీ కత్తిరించినవీ ఒక దుప్పట్లో మూటకట్టాను. రోడ్డు దాటాను. తిరుపతిరావు కొట్టు పెట్టి ఆరేళ్ళయింది. అప్పటిదాకా వాడి గుమ్మం తొక్కలేదు, వాడితో ఒక్క మాటా ఆడలేదు.

"ఏంటన్నా, ఇలా వచ్చావు?" అంటూ లేచి నిలబడ్డాడు.

"నలభై రెండు జాకెట్లున్నాయి. ఏ గుడ్డకి ఆ ఆది పిన్ను పెట్టి ఉంది. ఇరవై నాలుక్కి ఇవ్వాలి. కుడతావా?"

"నాకెందుకిస్తున్నావు?"

"మా ఆవిడకి బాలేదు. గుంటూరు పోతున్నాం."

వాడు మోటారు ఆపాడు. మూట విప్పి పైనున్న రెండు ఆదులు తిరగేసి చూశాడు. మురిసిపోతాడనుకున్నాను. మురవలేదు.

"కుడతా. నీ కొట్లోనే పెట్టి నీ పేరు మీదే ఇస్తా."

"నువ్వు కుట్టినదానికి నా పేరెందుకు?"

"ఊరుకో అన్నా. ఒక్కటి చెప్పి పో. చెయ్యి దగ్గర ముడత రాకుండా ఎలా కూర్చోబెడతావు? నా దగ్గరికొచ్చిన ప్రతి ఆడమనిషీ నీ చేతులే కావాలంటది. ఆరేళ్ళుగా చస్తున్నా."

అక్కడే వాడి మిషను మీద కూర్చుని ఒక చెయ్యి కుట్టి చూపించాను. మోటారు కాలి కింద ఎగిరిపడింది. వాడు నవ్వాడు. నేనూ కొంచెం నవ్వాను కాబోలు.

ఇంటికి వచ్చి, "హుక్కుల పని లేదు ఇంక. లే," అన్నాను.

"గుడ్డలేం చేశావు?"

"ఎదురుకొట్లో ఇచ్చా."

 అమల లేచి, అటక మీది ట్రంకుపెట్టె దింపమంది.

గుంటూరులో సువార్తమ్మగారు మాతోనే ఉన్నారు. ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం ఆగాక కాన్సరే అన్నారు. ఆ మాట డాక్టరు నాకు చెబుతుంటే అమల పక్కనుంచి, "నాకు చెప్పండి, నాది కదా," అంది. ఆయన ఆమె వైపు తిరిగి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. రొమ్ము మొత్తం తీసేయాలి, చంకలో ఉండే గ్రంథులు కూడా తీసి చూడాలి, తరవాత రేడియేషను కరెంటు పెట్టాలి. అమల అంతా విని ఒకటే అడిగింది.

"చెయ్యి పనిచేస్తుందా బాబూ? నేను హుక్కులు కుడతాను."

"ఎక్సర్‌సైజులు చేస్తే చేస్తుందమ్మా."

"అయితే తీసేయండి."

నేను కాగితం మీద సంతకం పెట్టాను. నా పేరులో అయిదు అక్షరాలు రాయడానికి మూడుసార్లు ఆగాను.

క్రిస్మస్ వార్డులోనే అయింది. మర్నాడు తిరుపతిరావు బస్సులో వచ్చి, జాకెట్లన్నీ ఇచ్చేశానని చెప్పి, ఒక కేకు పొట్లం పెట్టి పోయాడు. "ఎవరన్నా తిట్టారా?" అని అడిగాను. "సువార్తమ్మగారు తప్ప అందరూ మెచ్చుకున్నారు. ఆవిడ ఇంకా చూళ్ళేదు," అన్నాడు. అమల కుట్లు పట్టుకుని నవ్వింది, నవ్వించద్దని తిట్టింది.

కొత్త సంవత్సరం వచ్చిన మూడో రోజున డాక్టరు నన్ను వరండాలో ఆపాడు. చంకలోంచి తీసిన గ్రంథుల్లో జబ్బు లేదని, అటు పాకలేదని చెప్పాడు. నాకు అర్థం కాలేదన్నాను. మళ్ళీ చెప్పాడు. మూడోసారి కూడా అడిగాను. అర్థమయ్యే అడిగాను.

కరెంటు పెట్టడం అయ్యేసరికి ఫిబ్రవరి సగం దాటింది. ఒళ్ళు అక్కడ నల్లగా కమిలిపోయింది. గుణదల తిరునాళ్ళు అప్పటికే వెళ్ళిపోయాయి. బస్సు బ్యారేజీ దాటుతుంటే అమల కిటికీలోంచి కొండవైపు చూసి దణ్ణం పెట్టుకుంది. "వచ్చే ఏడు ఎక్కుతానమ్మా," అంది. మరుసటేడు ఎక్కింది కూడా. మోకాళ్ళ మీద కాదు. సువార్తమ్మగారు ఒప్పుకోలేదు.

ఇంటికొచ్చాక ఎడమ చెయ్యి భుజం దాటి లేచేది కాదు. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళతో గోడ మీద పాక్కుంటూ పైకి పోవాలని నర్సమ్మగారు నేర్పారు. ఎంతవరకు పోయిందో అక్కడ నేను సుద్దతో గీత పెట్టేవాణ్ణి. ఒక రోజు గీత కంటే కిందే ఆగిపోయి గోడకి తల ఆనించి ఏడ్చేది. ఒక రోజు రెండు వేళ్ళు పైకి పోయి, "పెట్టు బావా గీత, చూస్తూ నిలబడతావేం," అని అరిచేది.

మార్చిలో ఒక ఆదివారం పూజ అయ్యాక అయిదారుగురు ఆడవాళ్ళు పలకరించడానికని వచ్చారు. అసలు వచ్చింది తమకూ వస్తుందేమోనన్న భయంతో, అడిగి తెలుసుకోడానికి. సువార్తమ్మగారు నన్ను టీ తెమ్మని పంపేశారు. తెచ్చి తలుపు బయట ఆగితే వినపడింది.

"నెలకోసారి, ముట్టు అయిపోయిన తరవాత. అద్దం ముందు చేతులు పైకెత్తి చూసుకోండి. ఒకటి పెద్దదైనా, ఆకారం మారినా, గుంట పడినా. తరవాత వేళ్ళు ఆనించి చుట్టూ, చంకలోకి కూడా. నీ ఒళ్ళు మామూలుగా ఎలా ఉంటుందో నీకు తెలిస్తేనే కదా మారింది తెలిసేది?"

"నాకే తెలీదమ్మా నా ఒళ్ళెలా ఉంటుందో," అమల గొంతు. "చీకట్లో మార్చుకోడం, చీకట్లో స్నానం. దొంగసొత్తులాగా దాచుకున్నా. ఏమన్నా తగిలితే మొక్కుకోండి, వద్దనను. మొక్కుకుని మర్నాడే డాక్టరు దగ్గరికి పోండి."

"మా ఆయన తిడతాడేమో అక్కా."

"తిడితే మీ బావ దగ్గరికి పంపు. తలుపు వెనక టీ పట్టుకుని నిలబడి ఉన్నాడు."

లోపల గొల్లుమన్నారు. ఇది జరిగి అయిదేళ్ళయినా నెలకో ఆదివారం ఆ కూర్చోవడం మా వసారాలో నడుస్తూనే ఉంది. అందులో ఇద్దరికి గడ్డలు తగిలాయి. వెంటనే చూపించుకున్నారు. ఒకామెది ఏమీ కాదన్నారు. ఒకామెకి ఆపరేషను అయింది, కులాసాగా తిరుగుతోంది. టీ మాత్రం ఇప్పటికీ నేనే తేవాలి.

ఆ డెబ్బై అయిదు ఈస్టరుకి అమలకి నీలిరంగు పూల గుడ్డ తెచ్చాను. బల్ల మీద పరిచి, అలవాటు కొద్దీ ఆది తెమ్మన్నాను.

"ఏ ఆది పెడతావు?" అంది.

నేను సుద్ద కింద పెట్టాను.

"నర్సమ్మగారు చెప్పినట్టు ఎడమ పక్క బూరుగు దూది సంచి పెట్టి కుట్టనా? తెలియకుండా ఉంటుంది."

"గుడికి పోయేప్పుడు పెట్టుకుంటా. అది విడిగా కుట్టు. ముందు నాకు కుట్టు బావా. ఇప్పుడున్న నాకు."

కొట్టు తలుపులు దగ్గరికేసి ఇంట్లోకి వెళ్ళాను. పగటిపూట. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. అమల జాకెట్టు విప్పి నిలబడింది. మెడలోంచి టేపు తీసి, దాని కొస వేలికి చుట్టి విప్పుతూ నిలబడ్డాను.

"పదిహేడేళ్ళ మొగుడివి, టేపు పెట్టడానికి జంకుతున్నావా? కుట్టు ఎలా ఉందో చూడు. నువ్వు చెప్పాలి."

చూశాను. చంక దగ్గర మొదలై రొమ్ము ఎముక దాకా వచ్చిన గీత.

"వంకర లేదు," అన్నాను. "నాకంటే బాగా కుట్టాడు."

"ఆయనకి మోటారు లేదంట."

ఛాతీ చుట్టూ టేపు తిప్పి కొలిచాను. భుజం కొలిచాను. చంక కొలవాలంటే చెయ్యి ఎత్తాలి.  నేను అడక్కుండానే అమల ఎడమ చెయ్యి లేపింది. భుజం దాటింది. చెవి దాటింది. పళ్ళ బిగువున తలపైకి ఎత్తి అలాగే నిలిపింది.

"తొందరగా కానీ బావా, ఎంతసేపని ఎత్తి నిలబడను?"

నేను తొందరపడలేదు.